కెమెరా మడిలోకి ఎప్పుడు దిగుతుంది? కార్మికుల సినిమాలు, మన గోదావరి డెల్టా

వశిష్ఠతీరం (ఆదివారం, రాత్రి 9:12)

అందరికీ నమస్కారం. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు, ఉద్యోగం హైదరాబాదులో. పోయిన వారం సెలవు పెట్టి ఇంటికి వెళ్ళాను. రాత్రి అన్నాలయ్యాక అమ్మని కూర్చోబెట్టి 'మనుషులు మారాలి' చూపించాను. 1969లో వచ్చింది, వి. రామచంద్రరావు దర్శకుడు. మలయాళంలో వచ్చిన 'తులాభారం'కి మన తెలుగు రూపం. శోభన్‌బాబు కార్మిక నాయకుడు, సమ్మెలో ప్రాణం పోతుంది. భార్య శారద ముగ్గురు పిల్లల్ని సాకలేక, ఆకలి చూడలేక, అన్నంలో విషం కలిపి పెడుతుంది. ఆమె మాత్రం బతికి కోర్టు బోనులో నిలబడుతుంది.

చిన్నప్పుడు చూసినప్పుడు ఏడ్చాను, ఇప్పుడూ ఏడుపొచ్చింది. అమ్మ కళ్ళు తుడుచుకుని కాసేపటికి ఒక మాట అడిగింది. "ఆ పిల్ల విషం కలుపుతుంటే పక్కిల్లు ఏమైపోయిందిరా? సమ్మె ఒక్క ఇల్లే చేస్తదా?"

అమ్మ పదకొండేళ్ళు రొయ్యల ప్లాంటులో చేసింది. అంతకు ముందు ఊడ్పులు, కలుపులు, కోతలు. తెల్లారగట్ల నాలుగింటికి ఊళ్ళోకి బస్సు వచ్చేది. తడి నేల మీద నిలబడి, ఐసులోంచి తీసిన రొయ్యలకి తలలు తీయాలి, పొట్టు ఒలవాలి. కేజీల లెక్కన కూలి. చేతివేళ్ళ చివర చర్మం ఊడిపోయి అన్నంలో పచ్చడి కలుపుకోలేకపోయేది. ఒకసారి రేటు పెంచమని ఆడవాళ్ళంతా గేటు దగ్గర కూర్చున్నారు. ఆ మూడు రోజులూ మా వీధిలో ఎవరింట్లో అన్నం ఉడికితే పిల్లలంతా ఆ ఇంట్లోనే తిన్నాం. నాకు గుర్తుంది, నేను ఏడో తరగతి. అమ్మ అడిగిన ప్రశ్న అక్కణ్ణుంచి వచ్చింది.

అప్పట్నుంచీ ఒకటే ఆలోచన. గోదావరి మీద ఎన్ని సినిమాలు తీశారు! నది, రేవు, పడవ, కొబ్బరితోట, రాజమండ్రి బ్రిడ్జి, పెద్దింటి పెళ్ళి, పంక్తి భోజనం. పచ్చటి చేను కనపడుతుంది, ఆ చేను నాటిన మనిషి దూరంగా రంగు చీరలా కనపడుతుంది. కెమెరా ఎప్పుడూ గట్టు మీదే నిలబడి ఉంటుంది, మడిలోకి దిగదు. మన డెల్టా కూలీల పోరాటం మీద సరైన సినిమా వచ్చిందా? తీస్తే అందులో ఏముండాలి? మీ ఇళ్ళలో, ఊళ్ళలో చూసినవి రాయండి.

---

కొబ్బరిమట్ట (ఆదివారం, రాత్రి 9:40)

అన్నా, మీ అమ్మగారు అడిగింది చదివి ఫోన్ పక్కన పెట్టేశాను కాసేపు. మాది కోనసీమ. నాన్న దింపు కార్మికుడు, అంటే కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపేవాడు. తర్వాత వివరంగా రాస్తాను.

---

తెలుగు మాస్టారు (ఆదివారం, రాత్రి 10:25)

మంచి చర్చ మొదలుపెట్టావు బాబూ. నేను ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. సినిమా పిచ్చి మాత్రం రిటైర్ కాలేదు.

మన భాషలో ఈ రకం సినిమా చాలా తొందరగా పుట్టింది. గూడవల్లి రామబ్రహ్మం 1939లోనే 'రైతుబిడ్డ' తీశారు. జమీందారీ మీద నేరుగా ఎక్కుపెట్టిన కథ, పెద్ద రంగస్థల నటుడు బళ్ళారి రాఘవ అందులో రైతు. జమీందార్లు ఊరుకోలేదు, కొన్ని జిల్లాల్లో ప్రదర్శన ఆపించారు. ఆ సినిమా తీసిన సారథి సంస్థకి అండగా నిలిచింది చల్లపల్లి జమీందారే. అంటే జమీందారు డబ్బుతోనే జమీందారీని ప్రశ్నించిన సినిమా వచ్చింది! రామబ్రహ్మంగారి పట్టుదల అలాంటిదని నేను అనుకుంటాను. మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం చేసింది 1948లో. సినిమా తొమ్మిదేళ్ళు ముందు నడిచింది.

తర్వాత సారథి వాళ్ళదే 'రోజులు మారాయి', 1955. దర్శకుడు తాపీ చాణక్య. వహీదా రెహమాన్ ఆడిన ఏరువాక పాట అందరికీ గుర్తుంది. ఆ కథలో పేదరైతులు బంజరు భూమిని సాగులోకి తెచ్చుకోవడానికి పడ్డ పాట్లు ఎంతమందికి గుర్తున్నాయి? పాట బతికింది, భూమి గొడవ మరుగున పడింది. నాకు దీనిమీద బాధే ఉంది.

ఒక విషయం గమనించండి. ఈ రెండు సినిమాల్లోనూ కథానాయకుడు రైతు. సొంతానికి సెంటు భూమి లేని కూలీ పక్కనే ఉంటాడు, మధ్యలోకి రాడు. 'మనుషులు మారాలి'లో కార్మికుడు మధ్యలోకి వచ్చాడు, అయితే మిల్లు కార్మికుడిగా వచ్చాడు. పొలంలో కూలికి వెళ్ళే మనిషి కథకి కేంద్రం కావడానికి ఇంకా చాలాకాలం పట్టింది. వచ్చాక కూడా ఆ కథలు ఎక్కువగా తెలంగాణ, ఉత్తరాంధ్ర నేపథ్యంలోనే సాగాయి. డెల్టా అంటే అన్నపూర్ణ, ఇక్కడ కష్టం ఏముంటుందిలే అన్న భావం సినిమావాళ్ళలో ఉండిపోయింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక నీళ్ళొచ్చాయి, పంటలొచ్చాయి, నిజమే. కాటన్ దొరకి ఊరూరా విగ్రహాలు పెట్టుకున్నాం, అదీ న్యాయమే. ఆ కాలవలు తవ్విన చేతుల గురించి ఒక్క సన్నివేశం కూడా నేను చూడలేదు.

'మూగమనసులు' చూడండి, 1964. హీరో పడవవాడు, కష్టజీవి. ఆ సినిమా అంటే నాకు ప్రాణం. కానీ అందులో పడవ ప్రేమ కోసం ఉంది, కూలి కోసం లేదు. అది తప్పు అనడం లేదు. అలాంటివి పది వచ్చాక రెండోరకం ఒక్కటైనా రావాలి కదా అని.

---

క్రేన్ కింద (సోమవారం, ఉదయం 7:05)

మాస్టారు గారూ, నమస్కారం. మాది తాడేపల్లిగూడెం. సినిమాల్లో లైటింగ్ డిపార్ట్‌మెంట్‌లో పద్దెనిమిదేళ్ళుగా చేస్తున్నాను. గట్టు మీది కెమెరా అన్నమాట నిజం, నేను కళ్ళారా చూశాను.

ఒక సినిమాకి కోనసీమలో ఊడ్పుల సీను. పక్క ఊరి నుంచి రోజూ ఊడ్పులకి వెళ్ళే ఆడవాళ్ళనే పాతికమందిని తెచ్చారు. కెమెరా గట్టు మీద పెట్టి, మొహాలు కనపడాలి కాబట్టి నాటుకుంటూ కెమెరా వైపు నడిచి రమ్మన్నారు. వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఒక పెద్దావిడ, "బాబూ, ముందుకి నడిస్తే నాటిన మొక్క మా కాళ్ళ కిందే పడిపోద్ది. ఊడ్పంటే వెనక్కి నడవాలి" అంది. ఎవరూ వినిపించుకోలేదు. మూడు టేకులు తీశారు. లంచ్ టైముకి మడంతా తొక్కుడు పడిపోయింది. ఆ మడి ఒక కౌలు రైతుది. లొకేషన్ డబ్బులిచ్చారు, నిజమే. కానీ ఆ ఆడవాళ్ళు భోజనానికి వెళ్ళకుండా వంగి, తొక్కిన మొక్కలన్నీ తీసి మళ్ళీ నాటారు. వాళ్ళది కాదు ఆ పొలం. ఎవరూ చెప్పలేదు కూడా. అది షూట్ చేయాల్సిన సీను అని నాకు అప్పుడే అనిపించింది, లైట్లన్నీ ఆపేసి ఉన్నాయి.

ఇంకొకటి. కార్మికుల సినిమా తీసేవాళ్ళు కూడా కార్మికులే. 2025 ఆగస్టులో ముప్పై శాతం వేతనం పెంచమని మా యూనియన్లన్నీ సమ్మెకి దిగాయి, రెండు వారాలకి పైగా షూటింగులు ఆగిపోయాయి. రూములో బియ్యం అయిపోతే నలుగురం కలిసి వండుకున్నాం. అమ్మగారి ప్రశ్న చదవగానే ఆ రోజులే గుర్తొచ్చాయి.

---

పంటబోదె (సోమవారం, ఉదయం 8:30)

వెనక్కి నడిచే విషయం! రోజూ చూస్తాం, ఎప్పుడూ ఆలోచించలేదు.

---

కౌలు కష్టం (సోమవారం, మధ్యాహ్నం 1:15)

అందరూ ఒకవైపు నుంచే రాస్తున్నారు కాబట్టి నా బాధ కూడా చెప్పుకోనివ్వండి. నేను ఆరెకరాలు కౌలుకి చేస్తాను. సినిమాల్లో చూపించే పొలం యజమాని పంచె కట్టి, మీసం తిప్పి, కొరడా పట్టుకుని ఉంటాడు. మా ఊళ్ళో అలాంటివాడు ఇప్పుడు ఒక్కడూ లేడు. నా పొలం ఆసామి పిల్లలు అమెరికాలో ఉన్నారు, ఆయన హైదరాబాదులో ఉంటాడు. మంచివాడే, ఎప్పుడూ గట్టిగా మాట్లాడడు. కానీ కౌలు మాత్రం ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే ఖాయం. బస్తా అంటే 75 కేజీలు. పనల మీద వాన పడి గింజ మొలకెత్తినా ఆ బస్తాలు తగ్గవు. 2019 చట్టం ప్రకారం పంట సాగుదారు హక్కు పత్రం కావాలంటే ఆసామి సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆయన భయం. పత్రం లేకపోతే నాకు బ్యాంకు అప్పు లేదు, నష్టపరిహారం నా పేరున రాదు. అప్పు బయట తెస్తాను.

ఇప్పుడు కూలీలు రేటు పెంచమంటే ఎవరితో గొడవ పడతారు? నాతోనే. నేను దమ్ము చేసిన మడిలో వాళ్ళతోపాటు నేనూ వంగుతాను. నా భార్య కూడా ఊడ్పుల ముఠాలో ఉంటుంది. సినిమాలో నన్ను ఎక్కడ నిలబెడతారు? గట్టుకి అటా, ఇటా?

కోతలకి మిషన్ పిలుస్తాను. కూలీలకి పని పోతుందని తెలుసు, తెలిసే పిలుస్తాను. ఆ మాట ఒప్పుకోకపోతే నేను అబద్ధం రాసినట్టు.

---

ఎర్రకాలువ (సోమవారం, సాయంత్రం 6:50)

తమ్ముడూ కౌలు కష్టం, నువ్వు రాసింది అక్షరాలా నిజం. నాకు డెబ్భై దాటాయి. వయసులో ఉన్నప్పుడు వ్యవసాయ కూలీ సంఘంలో తిరిగాను. మా రోజుల్లో ఎదురుగా నిలబడేవాడు ఎవరో తెలిసేది. ఇప్పుడు ఆ మనిషి ఊళ్ళోనే లేడు, నువ్వూ కూలీలూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడాల్సి వస్తోంది. సినిమా తీస్తే ఈ మార్పు చూపించాలి.

అయితే పాత కథ కూడా చెప్పాలి. సినిమాల్లో తిరుగుబాటు అంటే కాగడాలు, గడ్డివాముకి నిప్పు, హీరో ఒక్కడే కత్తి పట్టుకుని గేటు తన్నడం. నేను చూసిన సమ్మెలో నిప్పు లేదు. ఉన్నదల్లా ధాన్యం కొలిచే ఒక కుంచం.

అప్పట్లో కోత కూలి ధాన్యంగా ఇచ్చేవారు. ఆసామి ఇంట్లో రెండు కుంచాలుండేవి. తనకి రావాల్సింది కొలుచుకోవడానికి ఒకటి, కూలీకి ఇవ్వడానికి ఒకటి. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి. రెండోదానికి అడుగు లోపలికి నొక్కేసి ఉండేది. మా ఊళ్ళో ఒక ముసలమ్మ, చదువు లేదు, కూలి తెచ్చుకున్న వడ్లు ఇంటి దగ్గర సొంత కుంచంతో కొలుచుకునేది. ప్రతిసారీ సోలెడు తరుగు. మూడేళ్ళు ఎవరితోనూ చెప్పకుండా చూసింది, నాలుగో ఏడు మీటింగులో లేచి చెప్పింది.

మేం ఆ ఏడు కూలి పెంచమని అడగడానికి కూర్చున్నాం. ఆవిడ మాట విన్నాక అడిగేది మారిపోయింది. పెంపుతోపాటు సర్కారు ముద్ర ఉన్న కుంచంతో, కళ్ళం దగ్గర అందరి ముందూ కొలవాలి అన్నాం. కూలి పెంచడానికి ఆసాములు ఒకటి రెండు రోజుల్లో ఒప్పుకునేవారేమో. కుంచం మార్చడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే అంతకు ముందు జరిగిందంతా ఒప్పుకున్నట్టే కదా.

సార్వా పంట, అంటే వానాకాలం పంట, పండి తల వాల్చింది. కొడవలి ఎవరూ పట్టలేదు. ఆసాములు ఏం చేశారో చెబుతాను, ఇవేవీ సినిమాల్లో రావు. గట్ల మీద గడ్డి కోసుకోనివ్వలేదు. మా పేటలో గేదెలున్న ఇళ్ళు ఆరో ఏడో ఉండేవి, వాటికి మేత లేదు. కొట్టులో అరువు ఆపించారు. పుంత దారిలో అడ్డంగా ముళ్ళకంప పడింది. బయటి ఊరి నుంచి కూలీల్ని రెండు లారీల్లో తెచ్చారు. మా ఆడవాళ్ళు వెళ్ళి లారీల ముందు కూర్చున్నారు. తిట్లు లేవు. "మా మేనకోడల్ని మీ ఊరే ఇచ్చాం, మీ చెల్లి మా ఊళ్ళోనే ఉంది, ఆవిడ కూడా ఇక్కడే కూర్చుంది చూడండి" అన్నారు. లారీలు తిరిగి వెళ్ళిపోయాయి.

తొమ్మిదో రోజు కొత్త కుంచం వచ్చింది.

ఆ ముసలమ్మ మా అమ్మ.

---

వశిష్ఠతీరం (సోమవారం, రాత్రి 8:10)

బాబాయ్ గారూ, మీ పోస్టు అమ్మకి ఫోన్‌లో చదివి వినిపించాను. రెండుసార్లు చదవమంది. గడ్డి కోసుకోనివ్వని సంగతి తన చిన్నప్పుడు తనూ చూశానంది.

---

బాక్సాఫీస్ రాజు (సోమవారం, రాత్రి 9:00)

ఇవన్నీ బాగున్నాయి, కాదనను. కానీ మనస్ఫూర్తిగా అడుగుతున్నాను, ఇలాంటి సినిమా ఎవరు చూస్తారు? రోజంతా కష్టపడి వచ్చినవాడు థియేటర్‌లో మళ్ళీ కష్టం చూడాలా?

---

తెలుగు మాస్టారు (సోమవారం, రాత్రి 9:45)

అడగాల్సిన ప్రశ్నే. ఒక్క ఉదాహరణ చెబుతాను. ఆర్. నారాయణమూర్తిది అప్పటి తూర్పుగోదావరి జిల్లాలోని రౌతులపూడి మండలం. పెద్ద హీరో లేడు, విదేశాల్లో పాటలు లేవు. 1994లో ఆయన తీసిన 'ఎర్రసైన్యం' వచ్చినప్పుడు మా ఊరి నుంచి ట్రాక్టర్లు కట్టుకుని టౌనుకి వెళ్ళి చూశారు. ఆ ట్రాక్టర్ల మీద ఉన్నది కూలీలే. తమ కష్టం చూడ్డానికి వెళ్ళలేదు వాళ్ళు. తమ మాట తెర మీద గట్టిగా వినపడుతుంటే వినడానికి వెళ్ళారు.

తర్వాత అదే పద్ధతి మళ్ళీ మళ్ళీ రావడంతో జనం కొంత దూరమయ్యారు, అది కూడా ఒప్పుకోవాలి. ప్రతి కథా ఒకేలా నడిచి, చివర ఉపన్యాసం, పాట, నెత్తురు అయితే మనసు మొద్దుబారుతుంది. ఎర్రకాలువ గారి కుంచం లాంటి వస్తువు ఒకటి దొరికితే ఉపన్యాసం అక్కర్లేదు.

రామచంద్రరావు గారి పేరు వచ్చింది కాబట్టి ఇంకొక్క మాట. 1974 'అల్లూరి సీతారామరాజు' మొదలుపెట్టిన దర్శకుడు కూడా ఆయనే, అది పూర్తికాకముందే పోయారు. మనం అల్లూరి అనగానే విల్లంబులు, పోలీస్ స్టేషన్ల మీద దాడులు తలుచుకుంటాం. 1922లో మన్యంలో మంట రాజుకోవడానికి ఒక పెద్ద కారణం రోడ్డు కూలి. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం వైపు నుంచి వేసే ఘాట్ రోడ్డుకి గిరిజనుల చేత సరైన కూలి ఇవ్వకుండా వెట్టిగా పని చేయించాడు. అంత పెద్ద తిరుగుబాటుకి మొదట్లో ఉన్నదీ కూలి లెక్కే. గోదావరి పైన మన్యంలో రోడ్డు, కింద డెల్టాలో కుంచం.

---

లేసుపువ్వు (సోమవారం, రాత్రి 11:20)

ఇంట్లో అందరూ పడుకున్నాక రాస్తున్నాను. మాది నరసాపురం దగ్గర. మా అమ్మమ్మ, అమ్మ, నేను, ముగ్గురం లేసు అల్లినవాళ్ళమే. క్రైస్తవ మిషనరీలు నేర్పిన పని, వందేళ్ళు దాటింది. ఇక్కడ అల్లింది విదేశాల్లో బల్లల మీద, మంచాల మీద పరుచుకుంటారు.

మీరందరూ గేటు, కళ్ళం, లారీ అంటున్నారు. మాకు గేటు లేదు. ఎవరింటి అరుగు మీద వాళ్ళం. ఏజెంటు నూలు తూచి ఇస్తాడు, అల్లిన లేసు మళ్ళీ తూచి తీసుకుంటాడు, ముక్కకి ఇంత అని కూలి. నూలు తగ్గితే మా కూలిలో కోత. ఎనిమిది గంటలు అల్లినా ఎవరైనా అడిగితే "ఇంట్లో ఖాళీగా ఉండి అల్లుకుంటోంది" అంటారు. మా ఆయనే అన్నాడు అలా, పెళ్ళిచూపుల్లో మా నాన్న కూడా అలాగే చెప్పాడు. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు మా ప్రాంతం వచ్చి, ఈ లేసు ఆడవాళ్ళ మీద 1982లో ఒక పుస్తకమే వేసింది. పనివాళ్ళని గృహిణులుగా లెక్కేయడం వల్లే ఇంత తక్కువ కూలికి ఈ పని నడుస్తోందని ఆమె రాసింది. మా అరుగు మీద జరిగేది పని అని చెప్పడానికి అంత దూరం నుంచి మనిషి రావాల్సి వచ్చింది. 2024లో మా లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. గుర్తింపు లేసుకి వచ్చింది. అల్లేవాళ్ళకి ఇంకా రాలేదు.

సినిమాలో సమ్మె అంటే జనం పోగవ్వడం. పోగవ్వడానికి చోటే లేని పనివాళ్ళు ఎలా తిరగబడతారు? ఇది ఎవరైనా ఆలోచించి తీయాలి. మా వీధిలో ఒకసారి జరిగింది. ఏజెంటు వచ్చినప్పుడు పదకొండు ఇళ్ళవాళ్ళం "ఇంకా అవ్వలేదండి" అన్నాం. అంతే. ముందు రోజు చర్చి దగ్గర అనుకున్న మాట అది. వారం తర్వాత మళ్ళీ వచ్చాడు, మళ్ళీ "అవ్వలేదండి". లేసులన్నీ అయిపోయి ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. ఎగుమతి తేదీ దగ్గరపడింది. మూడోసారి వచ్చినప్పుడు రేటు తనే పెంచి చెప్పాడు. ఎక్కువేం కాదు. కానీ ఆ రోజు సాయంత్రం మా అమ్మ అరుగు మీద కూర్చున్న తీరు నాకు ఇప్పటికీ కళ్ళముందు ఉంది.

మా ఇంటి చుట్టుపక్కల ఎంతమంది ఆడవాళ్ళు కువైట్, మస్కట్ ఇళ్ళలో పనికి వెళ్ళారో లెక్క కష్టం. మా చిన్నమ్మ కూడా వెళ్ళింది. లేసు కూలితో పిల్లల చదువు నడవక వెళ్ళింది. గోదావరి సినిమాలో ఆ ఎయిర్‌పోర్టు సీను కూడా ఉండాలి.

---

క్రేన్ కింద (మంగళవారం, ఉదయం 6:20)

అక్కా, ఆ ట్రంకు పెట్టెల సీను నేను లైట్ చేస్తాను. డబ్బులు అక్కర్లేదు.

---

కొబ్బరిమట్ట (మంగళవారం, మధ్యాహ్నం 2:05)

రాస్తానన్నాను కదా, ఆలస్యమైంది.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను మా కోనసీమని ఊడ్చేసింది. ఇళ్ళు, మనుషులు, పశువులు. కొబ్బరిచెట్లు అగ్గిపుల్లల్లా విరిగిపోయాయి. తోట పోయినవాళ్ళ గురించి పేపర్లు రాశాయి, సాయం కూడా వచ్చింది. తోట లేనివాడు, ఆ తోటలో కాయ దింపేవాడు ఏమయ్యాడని అడిగింది తక్కువ. కొత్త మొక్క కాపుకి రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళు నాన్న ఎక్కడానికి చెట్టు లేదు. ఇటుక బట్టీకి వెళ్ళాడు, చెరువులు తవ్వడానికి వెళ్ళాడు. తోటలు మళ్ళీ లేచాక వెనక్కి వచ్చాడు, వయసు మాత్రం వెనక్కి రాలేదు.

కాళ్ళకి తాడు బందం, నడుముకి కత్తి. చెట్టుకి ఇంత అని కూలి. ఒక వానాకాలం నాచు పట్టిన చెట్టు మీంచి జారాడు. నడుం విరిగింది. తోటవాళ్ళు ఆసుపత్రికి మొదటిరోజు డబ్బులిచ్చారు. తర్వాత "మేం ఎక్కమని బలవంతం చేశామా" అన్నారు. ఎవరి దగ్గర పనిచేస్తున్నట్టు? ఆ నెలలో తొమ్మిది తోటల్లో ఎక్కాడు. ఏ తోటవాడు యజమాని? కాగితం లేదు. హక్కు అనే మాట అడగడానికి ఎదురుగా ఒక మనిషి ఉండాలి కదా, మాకు ఆ మనిషే లేడు. నాన్న ఇప్పుడు కూర్చుని ఒలుపు చేస్తాడు. నేలలో దిగేసిన గునపం మీద కాయ గుచ్చి తిప్పుతాడు, వెయ్యి కాయలకి ఇంత.

కౌలు కష్టం అన్నకి ఒక మాట. 2011 సార్వాలో మా కోనసీమలో రైతులు పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర లేదు, మురుగు కాలవలు పూడిపోయి చేలు మునుగుతున్నాయి, అందుకే వేయం అన్నారు. దేశమంతా మా గురించి మాట్లాడింది. వాళ్ళ కోపం న్యాయమైనదే. కానీ పంట వేయకపోతే ఊడ్పులు లేవు, కలుపు లేదు, కోత లేదు. మా అమ్మ ఆ సార్వా అంతా ఇంట్లో ఉంది. రైతు సమ్మె చేస్తే కూలీకి పస్తు. ఆ మీటింగుల్లో కూలీలని ఎవరైనా పిలిచి అడిగారా అని నాకు ఇప్పటికీ అడగాలని ఉంది.

---

కౌలు కష్టం (మంగళవారం, సాయంత్రం 5:40)

తమ్ముడూ, ఆ ఏడు నేను కోనసీమలో లేను. ఉంటే నేను కూడా విరామంలోనే ఉండేవాణ్ణి. కూలీలని అడగాలన్న ఆలోచన నాకు వచ్చేది కాదు. నిజం ఒప్పుకుంటున్నాను. నా భార్య ఊడ్పులకి వెళ్తుందని పైన రాశాను, ఆమెనే అడిగి ఉండేవాణ్ణి కాదు.

నన్ను గట్టుకి ఏ పక్క పెడతారని అడిగాను. రెండు రోజులుగా ఇవన్నీ చదువుతుంటే గట్టు మీద ఒక పక్కే నిలబడ్డ మనిషిని కాదని అర్థమైంది. మిషన్ పిలిచే రోజు ఒక పక్క, ఆసామికి బస్తాలు కొలిచే రోజు ఇంకో పక్క. ఇదే చూపించండి. పొద్దున్న కూలీలతో రేటు దగ్గర గట్టిగా మాట్లాడిన మనిషి, సాయంత్రం ఆసామికి ఫోన్ చేసి ఈ ఏడు రెండు బస్తాలు తగ్గించండి అని బతిమాలడం. రెండు చోట్లా అదే గొంతు ఉండదు. నా గొంతు నాకు తెలుసు.

---

ఎర్రకాలువ (మంగళవారం, రాత్రి 7:30)

తమ్ముడూ, మా అమ్మ బతికి ఉంటే నీ చేత కూడా ఆ కుంచం పట్టించేది. ఆసామి నీ దగ్గర కౌలు కొలుచుకునేటప్పుడు తరాజు ఎవరిదో చూసుకో.

లేసు చెల్లెమ్మ రాసింది చదివి చాలాసేపు కూర్చున్నాను. మా సంఘంలో లేసువాళ్ళని ఎప్పుడూ కలుపుకోలేదు. అది కూలి పని అని మాకు తోచలేదు. పదకొండు ఇళ్ళు "అవ్వలేదండి" అన్న మాటతో చేసిన సమ్మె మేం లారీలు ఆపినదానికి ఏమీ తక్కువ కాదు.

---

పంటబోదె (మంగళవారం, రాత్రి 8:15)

ఆ కుంచం ఇప్పుడు ఎక్కడుంది బాబాయ్?

---

ఎర్రకాలువ (మంగళవారం, రాత్రి 8:22)

మా వంటింట్లోనే, బియ్యం డబ్బా మీద. నా కోడలు రోజూ దాంతోనే బియ్యం కొలుస్తుంది. ముద్ర అరిగిపోయింది, చేత్తో తడిమితే తెలుస్తుంది.

---

క్రేన్ కింద (మంగళవారం, రాత్రి 10:40)

మాస్టారు గారూ, బాబాయ్ గారూ, అక్కా, అన్నలూ. నాకు తెలిసిన ఒక కెమెరామన్, ఒక ఎడిటర్ ఉన్నారు. ఇద్దరూ మన జిల్లాల వాళ్ళే. ఈ చర్చ లింకు పంపాను, ఇద్దరూ మొత్తం చదివారు. పెద్ద సినిమా మన చేతిలో లేదు. ఇరవై నిమిషాల చిన్న సినిమా మన చేతిలో ఉంది. కుంచంతో మొదలుపెడదాం. లేసు ట్రంకు పెట్టె రెండోది. సార్వా ఊడ్పులు పడేటప్పుడు తీయాలి, కెమెరా మడిలోనే పెడతాం, నీళ్ళు తగలకుండా ఏం చేయాలో నేను చూసుకుంటాను.

ఒక్కటే ఇబ్బంది. నటించే అమ్మాయిలు టౌను పిల్లలు. ఊడ్పు వేయడం ఎవరు నేర్పుతారు? వంగడం, నారు కట్ట విప్పడం, వెనక్కి నడవడం, ఇవన్నీ నిజంగా రావాలి.

---

వశిష్ఠతీరం (మంగళవారం, రాత్రి 11:05)

అమ్మని అడిగాను. ఇప్పుడే ఫోన్ పెట్టేసింది. ఆవిడ అన్నమాట అన్నట్టే రాస్తున్నాను.

"నాలుగు రోజులు చాలు, నేర్పుతాను. మా ముఠాలో ఉన్నవాళ్ళు ఇంకో ఆరుగురు వస్తారు. ఆ పిల్లలకి మొదటిరోజు నడుం పట్టేస్తది, ముందే చెప్పు. కూలి ఎంతో మాత్రం పనిలోకి దిగకముందే మాట్లాడమను."

---

క్రేన్ కింద (మంగళవారం, రాత్రి 11:09)

రేపు పొద్దున్న ఎనిమిదింటికి అమ్మగారికి ఫోన్ చేస్తాను. ముందు కూలి సంగతే మాట్లాడతాను.